బయటి తిండి, కొన్న కాఫీ: ఖర్చు ఎక్కడ తగ్గించాలి?

ప్రశ్న: మేమిద్దరమూ ఉద్యోగస్థులం. హైదరాబాద్ నల్లగండ్లలో సొంత ఫ్లాట్‌లో ఉంటున్నాం. ఇద్దరి జీతాలూ కలిపి చేతికి 1,65,000 రూపాయలు వస్తున్నా, ఇంటి రుణం వాయిదా 58,000, పాప బడి ఫీజు, కారు ఖర్చులు, మిగతా ఇంటి ఖర్చులు పోను నెలాఖరుకు ఏమీ మిగలడం లేదు. మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసి చూస్తే బయటి తిండికే నెలకు సగటున 27,700 రూపాయలు పోతున్నట్టు తేలింది. అందులో ఫుడ్ యాప్‌లకు 14,500 (నెలకు 32 ఆర్డర్ల దాకా ఉన్నాయి), శని, ఆదివారాల్లో హోటళ్లకు 8,000, ఆఫీసు దగ్గర నేను తాగే కాఫీలకు 5,200. కాఫీ మానేస్తే చాలు, డబ్బు దానంతటదే మిగులుతుందని మిత్రులు అంటున్నారు. బయటి తిండి మొత్తం మానేద్దామని నేనంటే, ‘అయితే రోజూ వండేదెవరు?’ అని మా ఆవిడ అడుగుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ ఆవిడ అడిగిన ప్రశ్నతోనే మొదలుపెట్టాలి. దానికి మీ ఇంట్లో ఒక ఒప్పందం కుదరకపోతే, మీరు ఈ నెల ఎంత గట్టి తీర్మానం చేసుకున్నా వచ్చే నెల రెండో వారానికల్లా ఫోన్ మళ్లీ ఆర్డర్ పెడుతుంది. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తుంటే, ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవాళ్లు వెచ్చిస్తున్నది 88 నిమిషాలు. ఇద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో బయటి తిండి మానడమంటే ఆ 289 నిమిషాలకు మరో గంట కలపడమే అయితే, అలా మిగిలిన డబ్బును పొదుపు అని పిలవడానికి నాకు మనస్కరించదు. కాబట్టి వారంలో ఏ రాత్రులు మీరు వండుతారో, ఏ రాత్రులు ఆమె వండుతారో, ఏ రాత్రి ఎవరూ వండరో ముందే తేల్చుకోండి. ఎవరూ వండని రాత్రి ఒకటి తప్పనిసరిగా ఉండనివ్వండి.

ఇక లెక్క సంగతి. మీ మిత్రులు చూపిస్తున్న కాఫీ ఖర్చు మీ మూడు పద్దుల్లోకెల్లా చిన్నది. కాఫీ మాత్రం రోజూ కంటికి కనిపిస్తుంది, చేతిలో కప్పు ఉంటుంది, అందుకని అందరి వేలూ ముందు దానివైపే పోతుంది. రాత్రి తొమ్మిదింటికి గుమ్మం దగ్గర అందుకున్న పొట్లాన్ని ఎవరూ విలాసం అనుకోరు. గృహ వినియోగ వ్యయ సర్వే 2023–24 లెక్కల్లో పట్టణ కుటుంబాల మొత్తం నెలసరి ఖర్చులో పానీయాలు, ఫలహారాలు, తయారైన ఆహారం అన్న పద్దు వాటా 11 శాతం పైచిలుకు ఉంది. తిండి పద్దులన్నింటిలోకీ అదే పెద్దది, పాలకన్నా కూరగాయలకన్నా ఎక్కువ. అంటే మీది ప్రత్యేకంగా దుబారా సంసారమేమీ కాదు.

ఆ 32 ఆర్డర్లనూ యాప్‌లో తెరిచి, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏం తెప్పించారో ఒక కాగితం మీద రాయండి. శనివారం బిర్యానీ తినాలనిపించి తెప్పించుకున్నవి ఒకవైపు, మంగళవారం రాత్రి ఆఫీసు నుంచి వచ్చి ఫ్రిజ్ తెరిచి, ఏమీ లేదని మూసేశాక తెప్పించుకున్నవి మరోవైపు పెట్టండి. రెండో వైపువే ఎక్కువ ఉంటాయని నా అంచనా. వాటిలో రుచి కోసం పెట్టిన ఖర్చు తక్కువ, అలసటకు పెట్టిన ఖర్చు ఎక్కువ. తగ్గించవలసింది వాటినే, ఎందుకంటే అవి పోయినా మీకు ఏదో కోల్పోయినట్టు అనిపించదు.

పైగా ఆ చిన్న ఆర్డర్లే రూపాయికి రూపాయి చూస్తే ఖరీదైనవి. ఉదాహరణకు మీ వీధి చివరి టిఫిన్ సెంటర్లో మసాలా దోసె 90 రూపాయలనుకుందాం, రెండింటికి 180. హోటలు యాప్‌కు కమీషన్ కట్టుకోవాలి కాబట్టి అక్కడ అదే దోసె 110కి కనిపించడం మామూలే. రెండింటికి 220, ప్యాకింగ్‌కు 15, వీటి మీద 5 శాతం జీఎస్టీ సుమారు 12, డెలివరీకి 35, ఆ డెలివరీ మీద 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం జీఎస్టీ అంటే మరో 6, ఆపైన ప్లాట్‌ఫాం ఫీజు. 2023లో 2 రూపాయలతో మొదలైన ఈ ఫీజు తర్వాత రెండంకెల్లోకి వెళ్లింది. అన్నీ కలిపితే 180 రూపాయల దోసెలు 300 దాటుతాయి. ఇవి వివరించడానికి వేసిన అంకెలు, మీ ఫోన్‌లో ఉన్న బిల్లు తీసి వరసగా చదువుకుంటే అసలు అంకెలు తెలుస్తాయి. దోసె తినవద్దని నేననను. పాపను వెంటబెట్టుకుని వీధి చివరిదాకా నడిచి వెళ్లి, పెనం మీద నుంచి దిగిన దోసె వేడిగా తిని రండి. డబ్బాలో చెమట పట్టి మెత్తబడిన దోసెకు 300 ఇవ్వడం కన్నా అది అన్ని విధాలా మేలు.

అన్ని రాత్రులూ పూర్తి వంట చేయాలన్న పట్టుదల కూడా వద్దు. మన ఊళ్లలో కర్రీ పాయింట్ అనేది ఉన్నదే ఇందుకు. ఇంట్లో కుక్కరు పెట్టుకుని, ఒక పప్పు, ఒక వేపుడు పొట్లాలు తెచ్చుకుంటే ముగ్గురి రాత్రి భోజనం 130 రూపాయల చుట్టూ తేలిపోతుంది. అన్నం ఉడికే ఇరవై నిమిషాల్లో మీరు వెళ్లి రావచ్చు. ఆదివారం సాయంత్రం ఒక గ్లాసు మినపగుండ్లు రుబ్బి, రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కడిగి పిండి కలిపి పెడితే రెండు రాత్రులు గడుస్తాయి. పులిసిన పిండిని వెంటనే ఫ్రిజ్‌లోకి మార్చండి, మొదటి రెండు రోజులు ఇడ్లీ వేసుకోండి, మూడో రోజుకు పులుపెక్కితే ఉల్లిపాయ, పచ్చిమిర్చి తరిగి దిబ్బరొట్టె వేసుకోండి. పెసరట్టుకైతే పులియబెట్టే పని కూడా లేదు, పొద్దున ఆఫీసుకు వెళ్లేటప్పుడు నానబోసి వెళితే రాత్రికి రుబ్బుకోవచ్చు. కందిపొడి, నెయ్యి, పెరుగు ఇంట్లో నిండుకోకుండా చూసుకోవడమే మిగిలిన జాగ్రత్త.

వంటమనిషిని పెట్టుకునే ఆలోచన ఉంటే మీ అపార్ట్‌మెంటులో ఎంత ఇస్తున్నారో కనుక్కోండి. రోజుకు ఒక పూట వంటకు నెలకు 6,000 అనుకున్నా, సరుకుల ఖర్చు పోనూ మీకు మిగిలేది కొద్దిగానే ఉంటుంది. అయినా ఇద్దరూ ఏడున్నర తర్వాత ఇల్లు చేరే కుటుంబానికి ఆ ఏర్పాటు తప్పేమీ కాదు.

ఇప్పుడు 32 ఆర్డర్లలో 8 ఉంచుకుని 24 తీసేశారనుకుందాం. ఒక్కోటి సగటున 450 చొప్పున 10,800 తగ్గుతుంది. వాటి బదులు ఇంటి భోజనానికి పూటకు 130 చొప్పున 3,100 తీసేయండి, నికరంగా 7,700. వారాంతపు హోటలు ఖర్చు 8,000 నుంచి 5,000కు దింపండి. అక్కడ బిల్లులో సర్వీస్ ఛార్జీ వేసి ఉంటే తీసేయమని నిస్సంకోచంగా అడగండి. దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించింది. వినకపోతే ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది. కాఫీలో మధ్యాహ్నం సహోద్యోగులతో కూర్చుని తాగేది ఉంచుకోండి, పొద్దున దారిలో ఒంటరిగా కొనుక్కునేది ఇంట్లోనే తాగి బయల్దేరండి. దాంతో ఒక 1,300 మిగిలినా మొత్తం 12,000.

ఈ 12,000 ఖాతాలోనే ఉంటే ఏదో ఒక ఖర్చు దాన్ని తినేస్తుంది. జీతం పడిన మరునాడే అందులో 10,000 మరో చోటికి వెళ్లిపోయేలా బ్యాంకులో ఆదేశం ఇవ్వండి. ఎక్కడికి అన్నది మీ అప్పులను బట్టి ఉంటుంది. క్రెడిట్ కార్డులో పాత బాకీ మోస్తుంటే ముందు అది తీర్చాలి, నెలకు 3 శాతానికి పైబడిన వడ్డీకి ఎదురు నిలిచే పొదుపు పథకమేదీ లేదు. అది లేకపోతే కొన్ని నెలల ఖర్చులకు సరిపడా నిధి పోగయ్యేదాకా నెలనెలా కొంత కట్టే రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ) వేసుకోండి. పోస్టాఫీసు అయిదేళ్ల ఆర్‌డీలో 6.7 శాతం వడ్డీ లెక్కన నెలకు 10,000 కడితే, కట్టిన 6 లక్షలకు చివరలో దాదాపు 7.13 లక్షలు వస్తాయి. చేరే ముందు అప్పటికి అమల్లో ఉన్న రేటు చూసుకోండి. మూడేళ్లు నిండేదాకా అందులోంచి మధ్యలో బయటికి రాలేరు కాబట్టి, అత్యవసరానికి కావలసిన సొమ్మంతా అక్కడే పెట్టకుండా కొంత బ్యాంకులోనే ఉంచండి. ఆ నిధి సిద్ధమయ్యాక మీ ఇంటి రుణం అసలులోకి కట్టడం నాకు ఇంకా బాగా తోస్తుంది. ఆర్‌డీ వడ్డీకి పన్ను ఉంటుంది, రుణం మీద మిగిలే వడ్డీ పూర్తిగా మీదే. రేటు మారుతూ ఉండే ఫ్లోటింగ్ గృహరుణమైతే ముందస్తుగా కట్టినందుకు వ్యక్తుల దగ్గర బ్యాంకులు రుసుము వసూలు చేయరాదని రిజర్వు బ్యాంకు నిబంధన కూడా ఉంది.

ప్రశ్న: మా అబ్బాయి ముచ్చటపడి 30,000 పెట్టి కాఫీ మిషన్ కొన్నాడు. బయట కాఫీ తాగే ఖర్చు తప్పుతుందన్నాడు. తీరా చూస్తే ఒక్కో కాఫీకి వేసే క్యాప్సూల్ 60 రూపాయలట. ఇంట్లో రోజుకు నాలుగు కాఫీలు అవుతాయి. మా పాత స్టీలు ఫిల్టరు అటక మీద ఉంది. ఏది లాభం?
– విశ్రాంత ఉపాధ్యాయిని, విజయవాడ

జవాబు: అమ్మా, ఫిల్టరును అటక మీద నుంచి దింపించండి. రోజుకు నాలుగు క్యాప్సూళ్లంటే 240 రూపాయలు, నెలకు 7,200. ఫిల్టరు కాఫీకి కప్పుకు పది గ్రాముల పొడి వేసినా, కిలో 900 లెక్కన 9 రూపాయలు, వంద మిల్లీలీటర్ల పాలకు 6, చక్కెరకూ గ్యాసుకూ కలిపి 2, మొత్తం 17. నెలకు రెండు వేల పైచిలుకుతో సరి. కొన్న మిషన్ డబ్బు ఎలాగూ వెనక్కి రాదు కాబట్టి, దాన్ని వాడకపోతే 30,000 వృథా అన్న ఆలోచనతో నెలనెలా మరో అయిదు వేలు పోసుకోవద్దు. బాగున్నప్పుడే అమ్మేస్తే కొంతైనా చేతికొస్తుంది.

పొడి కొనేటప్పుడు ధరతోపాటు పొట్లం మీది చికోరీ శాతం కూడా చదవండి. మన దేశంలో చికోరీ కలిపిన కాఫీ పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, రెండింటి పాళ్లూ పొట్లం మీద ముద్రించాలి. చికోరీ ఒక మొక్క వేరును వేయించి చేసిన పొడి, కాఫీ గింజకన్నా చవక, అందులో కెఫీన్ ఉండదు. డికాషన్‌కు నలుపూ చిక్కదనమూ ఇస్తుంది. అందువల్ల 53:47 పొట్లాన్నీ 80:20 పొట్లాన్నీ ఒకే ధరకు అమ్ముతుంటే, మొదటిదాంట్లో మీరు కాఫీ ధరకు సగం వేరు కొంటున్నట్టే. అరకు లోయలో పండే అరబికా రకం కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, దాని సువాసన గొప్పది. కానీ రోజూ పాలు పోసి తాగే కాఫీకి రోబస్టా అనే మరో రకం గింజల వాటా ఎక్కువున్న పొడి గట్టిగా ఉంటుంది, సాధారణంగా చవక కూడా. బ్రెజిల్‌లోనూ వియత్నాంలోనూ వానలు ముఖం చాటేయడంతో 2024, 2025 సంవత్సరాల్లో కాఫీ ధరలు బాగా ఎగబాకాయి కనుక, కిలో పొట్లం కొని నిలవ ఉంచి సువాసన పోగొట్టుకోకుండా పావుకిలో చొప్పున తెచ్చుకోవడం మేలు.

ఫిల్టరు చాలాకాలం వాడలేదంటున్నారు కాబట్టి పై గిన్నె అడుగు చిల్లులు పూడిపోయి ఉండవచ్చు. దాన్ని ఒక్క నిమిషం నేరుగా మంట మీద పట్టుకుని, చల్లారాక దులిపి కడిగితే పాత పొడి కాలి రాలిపోతుంది. నాలుగు కప్పులకు నలభై గ్రాముల పొడి వేసి, కాడ ఉన్న చిల్లుల బిళ్లతో పైపైన సర్దండి. గట్టిగా అదిమితే చుక్క దిగదు, అసలు అదమకపోతే నీళ్లు పరుగెత్తి డికాషన్ పలచనవుతుంది. మరిగి దించిన నీళ్లు పోసి మూతపెట్టి పడుకుంటే తెల్లవారేసరికి చిక్కటి డికాషన్ సిద్ధంగా ఉంటుంది. మీకు ఇదంతా తెలుసు, మీ అబ్బాయి చదువుతాడని రాశాను.

ప్రశ్న: అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదువుకుంటున్నాను. ఇంటి నుంచి నెలకు 10,000 పంపుతారు. భోజనంతో కలిపి హాస్టలు ఫీజు 6,500. చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర రోజుకు అయిదు చాయ్‌లు తాగుతాను, ఒక్కోటి 15 రూపాయలు. హాస్టలు కూర బాగుండక నెలలో సగం రాత్రులు బయట తింటాను. చాయ్ పూర్తిగా మానేయాలా?
– ఒక అభ్యర్థి

జవాబు: మానేయనక్కర్లేదు. రోజంతా పుస్తకం ముందు కూర్చునేవాళ్లకు లేచి నాలుగు అడుగులు వేయడానికి చాయ్ ఒక సాకు. ఆ సాకును ఉంచుకుని ఖర్చు తగ్గించడానికి హైదరాబాద్‌లో పాత పద్ధతి ఉంది, మిత్రుడితో కలిసి వన్ బై టూ చెప్పండి. అయిదులో నాలుగు అలా తాగినా నెలకు 900 మిగులుతుంది. అసలు నష్టం రాత్రి భోజనంలో ఉంది, ఎందుకంటే ఆ పూటకు హాస్టల్లో మీరు ఇప్పటికే డబ్బు కట్టారు, బయట తింటే రెండుసార్లు కడుతున్నట్టు. అన్నం, పెరుగు హాస్టల్లోనే పెట్టించుకుని, బండి దగ్గర ఒక ఆమ్లెట్టో కర్రీ పాయింట్‌లో ఒక కూరో తెచ్చుకోండి. ఇంటికి వెళ్లినప్పుడు ఆవకాయ, కరివేపాకు పొడి సీసాలు తెచ్చుకోవడం మరచిపోకండి. ఎప్పుడైనా చేతిలో డబ్బు పూర్తిగా అయిపోతే 5 రూపాయల భోజన కేంద్రానికి వెళ్లడానికి మొహమాటపడవద్దు, అవి ఉన్నదే అలాంటి రోజుల కోసం.

ప్రశ్న: విశాఖలో ఒక ప్రైవేటు సంస్థలో 32,000 జీతానికి పనిచేస్తున్నాను. ఇంట్లో ఖర్చు ఎంత అదుపు చేసుకున్నా, ఆఫీసులో పుట్టినరోజులు, పదోన్నతులు, వీడ్కోళ్లు అంటూ నెలకు మూడు నాలుగు పార్టీలు ఉంటాయి. ప్రతిసారీ ఆరేడు వందలు పడుతుంది. రానంటే పిసినారి అంటారేమోనని భయం.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీరు రాసిన మాటే మీ పక్క సీటులో ఉన్నవాళ్లూ మనసులో అనుకుంటూ ఉండవచ్చు. ఎవరో ఒకరు ముందుగా నోరు తెరవాలి. ఎలా తెరవాలన్నదే చిక్కు. హోటలు నిర్ణయమైపోయాక రానంటే బాగుండదు, బిల్లు వచ్చాక మొహం ముడుచుకుంటే ఇంకా బాగుండదు. నిర్ణయించేటప్పుడే, ‘ఈ నెల నాకు కాస్త ఇబ్బందిగా ఉంది, అందరం బీచ్ రోడ్డుకు వెళ్లి మురీ మిక్చర్ తిని వద్దామా’ అని మీరే ఒక చోటు సూచించండి. కారణాలు అల్లనక్కర్లేదు. వ్రతమనో కడుపునొప్పి అనో చెబితే వచ్చే నెల మరో కారణం వెతుక్కోవలసి వస్తుంది. పుట్టినరోజులు ఒక్కొక్కరివి విడివిడిగా కాకుండా ఆ నెలలో వచ్చినవన్నీ కలిపి ఒకే సాయంత్రం చేసుకుందామని కూడా ప్రతిపాదించవచ్చు. డబ్బు మాట ఎత్తకుండానే నాలుగు ఖర్చులు ఒకటవుతాయి. మీ పై అధికారి వీడ్కోలు లాంటివి మాత్రం తప్పించుకోవద్దు, అక్కడ ఆ ఆరు వందలకు విలువ ఉంది.

మీకు నప్పే చిన్న ఏర్పాటు ఇంకొకటి ఉంది. ఇలాంటి ఖర్చుల కోసం నెల మొదట్లోనే యూపీఐ లైట్‌లో, అంటే ఫోన్‌లోని యూపీఐ యాప్‌లో చిన్న చెల్లింపులకు ఉండే పర్సులో, ఒక 1,200 వేసుకుని, బయటి తిండికి ఎక్కడైనా దాన్నుంచే చెల్లించండి. అందులో గరిష్ఠంగా 5,000 ఉంచుకోవచ్చు, ఒక్క చెల్లింపు 1,000 వరకు పిన్ లేకుండా వెళ్తుంది. మిగిలింది ఎంతో తెర మీదే కనిపిస్తుంది కాబట్టి, నెల మధ్యలో పార్టీ మాట వచ్చినప్పుడు వెళ్లాలో వద్దో తేల్చుకోవడం సులువవుతుంది. రెండు విషయాలు గమనించండి. ఇందులోంచి చేసే చెల్లింపులు బ్యాంకు పాస్‌బుక్‌లో విడివిడిగా పడవు, డబ్బు అందులోకి వేసినప్పటి ఒక్క పద్దే కనిపిస్తుంది. అందువల్ల ఎక్కడ ఎంత పోయిందో చూడాలంటే యాప్‌లోని చరిత్రే తెరవాలి. అలాగే డబ్బు తగ్గగానే ఖాతా నుంచి తనంతట తానే నింపుకునే సదుపాయం ఆన్‌లో ఉంటే ఈ ఏర్పాటంతా వృథా, దాన్ని ముందే ఆపేయండి.